ఇటలీ వెళ్ళేవాళ్ళు రైలు టికెట్లన్నీ ముందే కొనుక్కోవాలా?

పోయిన వారం నా చిన్ననాటి స్నేహితురాలు ఒక పట్టిక పంపించింది. సెప్టెంబరులో భర్తతోనూ పిల్లలిద్దరితోనూ పదిహేను రోజులు ఇటలీ తిరిగి రావాలని అనుకుంటోంది. పట్టికలో పదకొండు వరుసలు ఉన్నాయి: ఫ్యూమిచీనో విమానాశ్రయం నుంచి రోమ్ ఊళ్ళోకి, రోమ్ నుంచి ఓర్వియేతో వెళ్ళి రావడం, ఆ తరువాత ఫ్లారెన్స్, అక్కడి నుంచి పీసాకూ సియెనాకూ వెళ్ళి రావడం, ఆపైన వెనిస్, మిలాన్, చివరికి మల్పెన్సా విమానాశ్రయం. ప్రతి వరుసలోనూ తేదీ, బయలుదేరే వేళ, నలుగురికీ కలిపి అయ్యే సొమ్ము రాసి ఉన్నాయి. అడుగున, "ఈ ఆదివారం కూర్చుని అన్నీ కొనేస్తాను, ఒక్కసారి చూసి చెప్పవే" అని ఉంది.

రెండేళ్ళ కిందట మే నెలలో మావారు, అత్తయ్యగారు, మా అమ్మాయి, నేను వెళ్ళేటప్పుడు నేనూ అచ్చం ఇలాంటి పట్టికే వేసుకున్నాను. అందువల్ల ఆమెకు రెండు ముక్కల్లో జవాబు పంపించి ఊరుకోలేకపోయాను. అన్నీ ముందే కొనడం తప్పని నా అభిప్రాయం. ఏదీ ముందు కొనకపోవడం కూడా తప్పే. అయితే ఏది ముందు కొనాలో ఏది ఆపాలో తేల్చుకోవడానికి మనం చూసే కొలత, అంటే టికెట్ ధర, సరైన కొలత కాదని ఆ ప్రయాణంలో నాకు అర్థమైంది. ఆ సంగతే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మన అలవాటు ఎక్కడిది

ముందుగా కొనేయాలన్న తొందర మనకు ఊరికే రాలేదు. సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి విజయవాడ వెళ్ళాలంటే రిజర్వేషన్ తెరిచిన ఉదయమే కూర్చోవాలి. ఆ గడువు 2024 నవంబరు నుంచి 120 రోజులకు బదులు 60 రోజులైంది కాబట్టి ఇంకా ఎక్కువ తొందరపడాలి. అప్పుడు దొరకకపోతే వెయిటింగ్ లిస్టు, అది కదలకపోతే తత్కాల్, అదీ దక్కకపోతే బస్సు. మన భయమంతా సీటు దొరకదేమోనని. ధర గురించి మనం ఎక్కువగా ఆలోచించము, ఎందుకంటే రాజధాని, శతాబ్ది, దురంతో వంటి కొన్ని రైళ్ళను మినహాయిస్తే రెండు నెలల ముందు కొన్నా రెండు రోజుల ముందు కొన్నా మామూలు టికెట్ ధర ఒకటే.

ఇటలీలో పెద్ద పట్టణాల మధ్య నడిచే వేగపు రైళ్ళ వ్యవహారం ఇందుకు దాదాపు తలకిందులుగా ఉంటుంది. అక్కడ మామూలు రోజుల్లో సీటుకు కరువు లేదు. ప్రభుత్వ రైలు సంస్థ ట్రెనిటాలియా వారి ఫ్రెచ్చారోస్సా రైళ్ళు ఉన్నాయి, 2012 ఏప్రిల్‌లో అదే పట్టాల మీద పోటీగా మొదలైన ఇటాలో అనే ప్రైవేటు సంస్థ రైళ్ళు ఉన్నాయి. రోమ్ నుంచి ఫ్లారెన్స్‌కు పగటిపూట గంటలో ఒకటి కంటే ఎక్కువే బయలుదేరతాయి, గంటన్నరలో చేరుస్తాయి. మారేది ధర. ట్రెనిటాలియాలో బేస్ అంటే పూర్తి ధర. రైలు బయలుదేరేలోగా దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, వద్దనుకుంటే కొంత కోత పెట్టి మిగిలింది తిరిగి ఇస్తారు. ఎకానమీ అయితే తేడా సొమ్ము కట్టి ఒక్కసారి మార్చుకోవచ్చు. సూపర్ ఎకానమీ అన్నింటికన్నా చవక, కాని ఆ రైలు తప్పితే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవలసిందే. చవక టికెట్లు ప్రతి రైలులోనూ కొన్నే ఉంచుతారు కాబట్టి ముందు వెళ్ళినవారికే దక్కుతాయి. సీటు దొరకదన్న మన పాత భయంతో మనం ఆ సైటు తెరుస్తాము, అక్కడ తక్కువ ధర కనబడుతుంది, భయమూ సంతోషమూ కలిసి వచ్చేసరికి నిబంధనలు చదవకుండానే డబ్బు కట్టేస్తాము. నేను చేసింది అదే.

పట్టికలో ఎనిమిది వరుసలు

నా స్నేహితురాలి పదకొండు వరుసల్లో ఎనిమిదింటి గురించి అసలు చర్చే అక్కరలేదు. ఓర్వియేతో, పీసా, సియెనాలకు రెజియోనాలే అనే ప్రాంతీయ రైళ్ళు వెళతాయి. వాటిలో ధర దూరాన్ని బట్టి ఉంటుంది. నెల ముందు కొన్నా, రైలు రావడానికి పది నిమిషాల ముందు స్టేషన్‌లోని యంత్రం దగ్గర కొన్నా ఒకటే. సీటు నంబరు ఉండదు, ఎక్కి ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. ఫ్యూమిచీనో నుంచి రోమ్ ఊళ్ళోని పెద్ద స్టేషన్ తెర్మిని స్టేషన్‌కు నడిచే లియోనార్డో ఎక్స్‌ప్రెస్, మల్పెన్సా ఎక్స్‌ప్రెస్ కూడా ఒకే ధరతో వెంటవెంటనే నడుస్తాయి. ముందే కొనడం వల్ల ఒక్క సెంటు మిగలదు సరికదా, ఆ రోజు వర్షం పడితే పీసాకు బదులు మ్యూజియానికి వెళ్ళే వీలు కాస్తా పోతుంది.

ఈ రైళ్ళలో జాగ్రత్త పడవలసింది వేరే ఉంది. మేము ఫ్లారెన్స్‌లో పీసాకు కాగితం టికెట్లు తీసుకుని, టికెట్ ఉంది కదా అన్న ధైర్యంతో నేరుగా రైలు వైపు నడుస్తున్నాము. ప్లాట్‌ఫాం మొదట్లో ఒక పెద్దావిడ అత్తయ్యగారి చేతిలోని టికెట్ చూసి, ఆమె మోచెయ్యి పట్టుకుని స్తంభానికి బిగించి ఉన్న చిన్న పెట్టె దగ్గరకు తీసుకువెళ్ళింది. టికెట్ అంచును గాడిలో పెట్టి కొంచెం పక్కకు తోయగానే టకటకమని శబ్దం వచ్చి తేదీ, వేళ అచ్చయ్యాయి. కాగితం టికెట్ మీద ఆ ముద్ర లేకుండా ఎక్కితే డబ్బు కట్టి కొన్నా జరిమానా పడుతుంది. ముద్ర పడిన దగ్గర నుంచి నాలుగు గంటలు చెల్లుతుంది. మిగిలిన మూడు టికెట్లకూ అత్తయ్యగారే ఒకటొకటిగా ముద్ర వేశారు. ఆ పెద్దావిడకు మన భాష రాదు, మాకు ఆమె భాష రాదు, అయినా రైలు కదిలేదాకా కిటికీ అవతల నిలబడి చెయ్యి ఊపింది.

ఇక మిగిలినవి మూడు వరుసలు. రోమ్ నుంచి ఫ్లారెన్స్, ఫ్లారెన్స్ నుంచి వెనిస్, వెనిస్ నుంచి మిలాన్. అసలు ప్రశ్న వీటి గురించే.

మొదటి రోజు పోయిన నాలుగు టికెట్లు

మేము రోమ్‌లో దిగిన రోజే ఫ్లారెన్స్ వెళ్ళిపోవాలని నిర్ణయించుకుని, రెండు నెలల ముందే సూపర్ ఎకానమీ టికెట్లు కొన్నాము. ఒక్కొక్కటి 19.90 యూరోలు. విమానం దిగే వేళకూ రైలు వేళకూ నడుమ మూడున్నర గంటలు ఉంచాను, అది చాలునని నమ్మాను. విమానం గంటన్నర ఆలస్యమైంది. పాస్‌పోర్టు వరుసలో ఇంకో గంట పైన నిలబడ్డాము. అత్తయ్యగారి పెట్టె బెల్టు మీద అందరికన్నా చివర వచ్చింది. విమానాశ్రయం నుంచి తెర్మినికి రైలు 32 నిమిషాలే తీసుకుంటుంది కాని, మేము ఆ రైలు ఎక్కే సమయానికే ఫ్లారెన్స్ రైలు వెళ్ళిపోయింది.

తెర్మినిలో మళ్ళీ నాలుగు టికెట్లు కొన్నాము. ఒక్కొక్కటి 50 యూరోలు దాటింది. ఇందులో రైలు సంస్థ తప్పు ఏమీ లేదు. నిబంధన ముందే రాసి ఉంది, దాన్ని ఒప్పుకునే డబ్బు కట్టాను. ఖండాంతరం నుంచి దిగే రోజున మార్చుకోవడానికి వీలులేని టికెట్ కొనడమే తప్పు. ఆ మాటకొస్తే వీసా ఇంకా చేతికి రాకముందే ఇలాంటి టికెట్లు కొనేసినవారు మా బంధువుల్లోనే ఉన్నారు. ప్రయాణపు ప్రణాళిక అడుగుతారు కదా అని కొంటారు, కాని ప్రణాళిక చూపించడానికి తిరిగి రాని సొమ్ము కట్టనవసరం లేదు.

మావారి లెక్క

ఆ రాత్రి ఫ్లారెన్స్‌లో నేను బాధపడుతూ ఉంటే మావారు ఒక లెక్క చెప్పారు. ఆ లెక్క నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతూనే ఉంది, అందుకే దాన్ని దాటవేయకుండా రాస్తున్నాను. ముందే కొంటే నలుగురికీ 80 యూరోలు, అప్పటికప్పుడు కొంటే 200 అనుకుందాము. పది ప్రయాణాలకూ ముందే చవకగా కొని, వాటిలో మూడింటికి రైలు తప్పినా మొత్తం 1400 అవుతుంది. పదింటికీ పూర్తి ధర పెడితే 2000. అంటే పదింటికి మూడు తప్పినా ఇంకా 600 యూరోలు మిగిలే ఉంటాయి. "నువ్వు పోయిన 80 మాత్రమే చూస్తున్నావు" అన్నారు ఆయన.

పాదోవా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మా బాబాయిగారి అబ్బాయి కూడా ఇదే మాట అంటాడు. వాడు దాదాపు ప్రతి నెలా మిలాన్ వెళ్ళి వస్తాడు. "అక్కా, నేను ఎప్పుడూ అన్నిటికన్నా తక్కువ ధరదే కొంటాను, ఏడాదిలో ఒక్కసారి తప్పింది, దానికే భయపడితే ఎలా?" అన్నాడు. వాడి విషయంలో వాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. స్కాలర్‌షిప్ మీద నెట్టుకొస్తున్న విద్యార్థి, భుజాన ఒక్క సంచీ, తెలిసిన ఊరు, తెలిసిన స్టేషన్. వాడి రోజు వాడి చేతిలో ఉంటుంది.

మావారి లెక్కలోనూ తప్పు లేదు. కాని ఆ లెక్క పది ప్రయాణాలు చేసేవారిది. మాది జీవితంలో ఒక్కసారి చేసే ప్రయాణం, అందులోనూ మోకాళ్ళ నొప్పులున్న డెబ్బై ఏళ్ళ మనిషితో. పైగా రైలు తప్పినప్పుడు పోయే సొమ్ము ఆ లెక్కలోకి వచ్చింది గాని, రైలు తప్పకుండా ఉండటానికి మేము చెల్లించినది అందులోకి రాలేదు. అది మూడు రోజుల తరువాత తెలిసింది.

శాన్ మార్కో మెట్ల దగ్గర

ఫ్లారెన్స్ నుంచి వెనిస్‌కు మా దగ్గర ఉన్నవి కూడా సూపర్ ఎకానమీ టికెట్లే, మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై రైలుకు. ఆ ఉదయం శాన్ మార్కో మఠానికి వెళ్ళాము. 1440ల ప్రాంతంలో ఫ్రా ఆంజెలికో అనే సన్యాసి చిత్రకారుడు అక్కడి గదుల గోడల మీద చిత్రాలు వేశాడు. మెట్లెక్కి పైకి చేరగానే ఎదురుగా గోడ మీద దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పే చిత్రం కనిపిస్తుంది. అత్తయ్యగారు మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కి, కమ్మీ పట్టుకుని ఊపిరి తీసుకుంటూ తల ఎత్తి చూసి, అక్కడే నిలబడిపోయారు.

ఆమె నలభై ఏళ్ళు చీరల మీద రంగులు అద్దిన మనిషి. మఠం ఏమిటో, చిత్రకారుడు ఎవరో ఆమె అడగలేదు. దేవదూత రెక్కల మీద వరుసలు వరుసలుగా ఉన్న రంగులను వేలితో గాలిలో లెక్కపెడుతూ, "ఈ పసుపు పక్కన ఈ ఎరుపు పెట్టడానికి ఎంత ధైర్యం ఉండాలే" అన్నారు. ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. గడియారం చూసుకున్నాను. పన్నెండున్నర దాటింది; హోటల్‌లో పెట్టెలు తీసుకోవాలి, శాంతా మారియా నొవెల్లా స్టేషన్ దాకా రాళ్ళ వీధుల్లో లాక్కుంటూ వెళ్ళాలి. "అత్తయ్యా, రైలు" అన్నాను. ఆమె మారు మాట లేకుండా మెట్లు దిగడం మొదలుపెట్టారు. లోపల నలభైకి పైగా ఉన్న ఆ గదుల్లో ఒక్కటి కూడా ఆమె చూడలేదు.

రైలు అందింది. వెనిస్‌కు రెండు గంటల పైచిలుకు ప్రయాణంలో మావారు లెక్క వేస్తే ఈసారి 120 యూరోల వరకూ మిగిలినట్టు తేలింది. అదే గనక మార్చుకునే వీలున్న టికెట్ అయితే, మెట్ల మీద నిలబడే ఫోన్‌లో మూడున్నర రైలుకు మార్చి ఉండేదాన్ని. ఆ 120 యూరోలకూ నేను ఏం ఇచ్చానో నాకు తెలుసు కాబట్టి, అది మిగులు అని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

వెనిస్‌లో ఆదివారం సాయంత్రం

ఇంతవరకూ చదివినవారు, అయితే ఏదీ ముందు కొనవద్దని చెబుతోందని అనుకుంటారు. నేను కూడా రెండు రోజులపాటు అలాగే అనుకున్నాను.

వెనిస్ నుంచి రోమ్‌కు తిరుగు ప్రయాణపు టికెట్లు మేము ముందు కొనలేదు. పాదోవా నుంచి తమ్ముడు వచ్చి మాతో ఒక పూట గడపాలి, వాడి పరీక్ష తేదీ తేలలేదు. శాన్ మార్కోలో జరిగినది మనసులో ఉండటంతో, ఇక చివరి నిమిషంలోనే కొందామని నేను గట్టిగా అన్నాను. అది ఆదివారమని గుర్తు పెట్టుకోలేదు. శని, ఆదివారాలు గడపడానికి వచ్చిన ఇటలీ వాళ్ళు, చదువుకునే ఊళ్ళకు తిరిగి వెళ్ళే పిల్లలు, మాలాంటి పర్యాటకులు, అందరూ ఆ సాయంత్రమే కదులుతారు. వేగపు రైళ్ళలో ప్రతి టికెట్‌కూ సీటు నంబరు ఉంటుంది. అవి నిండితే మన రైళ్ళలో లాగా ఏదో ఒక డబ్బాలో ఎక్కి సర్దుకుందామంటే కుదరదు. వెయిటింగ్ లిస్టు అన్న మాటే లేదు.

శాంతా లూచియా స్టేషన్ బయట మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో కొనబోతే, బ్యాంకు పంపవలసిన ఓటీపీ రాలేదు. మా హైదరాబాద్ నంబరుకు రోమింగ్ లేదు. యంత్రం దగ్గరకు పరుగెత్తి కార్డు పెట్టేసరికి, కావలసిన రైలులో నలుగురికీ చోటు లేదు. ఆ తరువాతి రైలులో నాలుగు సీట్లు మూడు పెట్టెల్లో దొరికాయి, పూర్తి ధరకు. అత్తయ్యగారి అరచేతి మీద మా అమ్మాయి పెన్నుతో పెట్టె నంబరు, సీటు నంబరు రాసింది. దాదాపు నాలుగు గంటల ప్రయాణంలో నేను ఆరుసార్లు లేచి వెళ్ళి చూశాను. ఆమె చేతిసంచిని ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని, మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చున్నారు. లేచి వెళితే తిరిగి తన చోటు గుర్తుపట్టలేనేమోనని భయమట.

ఆ ప్రయాణానికి ముందే కొనవలసింది. అయితే ఎందుకు ముందే కొనాలి? డబ్బు మిగులుతుందని కాదు. ఒక బల్ల చుట్టూ ఎదురెదురుగా ఉండే నాలుగు సీట్లు కోరుకుని తీసుకోవడానికి.

నేను ఇప్పుడు ఏమంటానంటే

ధర కన్నా ముందు ఆ రోజును చూడమంటాను. ఆ రోజు దేనితోనైనా కట్టుబడి ఉందా? మర్నాడు విమానం ఉందా, ఆదివారం సాయంత్రమా, ఏప్రిల్ 25, మే 1, ఆగస్టు 15 వంటి అక్కడి సెలవు రోజుల చుట్టుపక్కలా? అయితే నెల ముందే కొనాలి. వెంట పెద్దవాళ్ళో చంటిపిల్లలో ఉంటే బేస్ టికెట్ కొనాలి, అంత పెట్టలేమనుకుంటే ఎకానమీ. రోజు కట్టుబడి లేకపోతే, ముందురోజు రాత్రి, అందరి కాళ్ళూ ఓపికా చూసుకుని, మర్నాడు ఏ వేళకు బయలుదేరగలమో తేలాక కొంటే చాలు. కొంత ఎక్కువ అవుతుంది, నిజమే. నలుగురికి ఆ తేడా చిన్న సొమ్ము కాదని నాకు తెలుసు. ఆ సొమ్ము కోసం ప్రయాణమే మానుకోవలసి వచ్చే పరిస్థితి ఉంటే నేను ఈ సలహా ఇవ్వను; తమ్ముడి మాటే వినమంటాను, రైలు వేళకు రెండు గంటలు ముందే స్టేషన్‌కు చేరమంటాను.

రోమ్ నుంచి నేపుల్స్ విషయంలో ఇంకొక వెసులుబాటు ఉంది. వేగపు రైలు గంటా పది నిమిషాల్లో చేరుతుంది, కాబట్టి ఉదయం ఒకటి తప్పినా రోజు పాడవదు. నేపుల్స్ నుంచి పొంపేయికి వెళ్ళే చిర్కుంవెజువియానా స్థానిక రైలుకు మామూలుగా రిజర్వేషనే ఉండదు.

సమ్మెల మాట చాలామంది ఎత్తుతారు. అక్కడి భాషలో షోపెరో అంటారు, అవి తరచుగా శుక్రవారాల్లో వస్తాయి. మేము రోమ్‌లో ఉండగా ఒకటి వచ్చింది, ఓర్వియేతో ప్రయాణం వాయిదా వేసుకున్నాము. పనిదినాల్లో ప్రాంతీయ రైళ్ళు ఉదయం 6 నుంచి 9 వరకూ, సాయంత్రం 6 నుంచి 9 వరకూ తప్పక నడపాలని కట్టుబాటు ఉంది. సమ్మె వల్ల రైలు రద్దయితే చవక టికెట్‌కైనా డబ్బు తిరిగి వస్తుంది. అందువల్ల ముందే కొనడానికి గాని కొనకపోవడానికి గాని సమ్మె ఒక కారణం కాదని నా ఉద్దేశం.

ముందే కొనేవారికి చిన్న సూచనలు రెండు. ట్రెనిటాలియా సైటులో ఊళ్ళ పేర్లు వాళ్ళు పిలుచుకునే తీరులో వెతకడం మేలు: ఫ్లారెన్స్ అంటే ఫిరెంజే, వెనిస్ అంటే వెనేత్సియా. వెనేత్సియాకు రెండు స్టేషన్లు కనిపిస్తాయి; మెస్త్రే నేల మీద ఉన్నది, నీళ్ళ మధ్య ఊళ్ళో దిగాలంటే శాంతా లూచియా. ఇటాలో టికెట్ ఫ్రెచ్చారోస్సాలో చెల్లదు, ఫ్రెచ్చారోస్సా టికెట్ ఇటాలోలో చెల్లదు. రెండూ ఒకే వేళకు పక్కపక్క ప్లాట్‌ఫాంల మీద ఉండవచ్చు, రైలు నంబరు చూసే ఎక్కాలి.

ఇదంతా రాసి నా స్నేహితురాలికి పంపించాను. ఎనిమిది వరుసలు కొట్టేసింది. రోమ్ నుంచి ఫ్లారెన్స్‌కు ముందురోజు కొంటానంది. ఫ్లారెన్స్ నుంచి వెనిస్‌కు మాత్రం ధర చూసి ఊరుకోలేకపోతున్నానంది. ఆ ఉదయం ఏం చూడాలనుకుంటున్నావని అడిగితే ఇంకా అనుకోలేదట, ఇంట్లో మాట్లాడి చెబుతానంది. వెనిస్ నుంచి మిలాన్‌కు ఆమె ప్రయాణం ఆదివారం పడింది. నిన్న రాత్రి ఫోన్ చేసి, ఎదురెదురు సీట్లు నాలుగు దొరికాయని, బేస్ ధరకే తీసుకున్నానని, పిల్లలిద్దరూ కిటికీ పక్క సీట్ల కోసం అప్పుడే పోట్లాడుకుంటున్నారని చెప్పింది.